అందరి పాస్‌పోర్టులోనూ థాయ్‌లాండ్ ముద్రే ఎందుకు?

క్లుప్తంగా: విదేశీ విహారానికి దేశాన్ని ఎంచుకునేటప్పుడు అక్కడి అందం కన్నా ముందు లెక్కలోకి వచ్చేవి సెలవు రోజులు, వీసా, విమానం వేళ, చేతిలో డబ్బు. ఒక్కో లెక్క దగ్గర ఒక్కో దేశం పక్కకు పోగా చివరికి థాయ్‌లాండ్ మిగులుతోంది. చైనా పర్యాటకులు తగ్గడంతో ఆ దేశం మనవాళ్ల కోసం తలుపులు బార్లా తెరవడం దీనికి తోడైంది. థాయ్ కరెన్సీ బాత్ బలపడటం, వియత్నాం వేగంగా ఎదగడం ఇక ముందు ఈ లెక్కను మార్చవచ్చు.

2024లో సుమారు 21 లక్షల మంది భారతీయులు థాయ్‌లాండ్ వెళ్లొచ్చారు. కోవిడ్‌కు ముందు ఏడాది, 2019లో, ఆ సంఖ్య 20 లక్షల దగ్గర ఉండేది. అదే 2024లో వియత్నాంకు వెళ్లిన భారతీయులు 5 లక్షలు, శ్రీలంకకు 4 లక్షల పైచిలుకు, మాల్దీవులకు లక్షా 30 వేలు. ఈ మూడింటినీ కలిపినా లెక్క థాయ్‌లాండ్‌లో సగం దగ్గర ఆగుతుంది.

సముద్రమే కావాలంటే శ్రీలంక ఇంకా దగ్గర. గుళ్లూ గోపురాలూ కావాలంటే కంబోడియా ఉంది. ఎత్తయిన భవనాలు చూడాలంటే దుబాయ్ ఉంది. మరి ఇంతమంది ఒకే దేశానికి ఎందుకు వెళ్తున్నారు? బీచ్‌ల ఫొటోలు చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఇంట్లో క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటే తేలిక.

ఎంపిక అనుకుంటాం గానీ, జరిగేది ఏరివేత

ఒక మామూలు ఇంటిని ఊహించుకుందాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, బడికి వెళ్లే పిల్లలిద్దరు. పిల్లలకు దసరా సెలవులు పది పన్నెండు రోజులు వస్తాయి. పెద్దవాళ్లకు పండగ సెలవు, శని ఆదివారాలు, బతిమాలి తెచ్చుకున్న రెండు రోజుల లీవు కలిపితే ఐదు రోజులు. అందులోనూ పండగ రోజు ఇంట్లోనే ఉండాలని అత్తగారు అంటే నాలుగే.

ఈ నాలుగైదు రోజుల ముందు యూరప్ మొదటి నిమిషంలోనే పక్కకు పోతుంది. రానూపోనూ ప్రయాణానికే రెండు రోజులు కావాలి. పైగా యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు దరఖాస్తు ఫీజు 90 యూరోలు. ఆ ఏడాది భారత్‌లో సుమారు 11 లక్షల దరఖాస్తులు పడితే, లక్షా 65 వేలు తిరస్కరించారు. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరికి వీసా రాలేదు. ఫీజు మాత్రం వెనక్కి రాదు.

తర్వాత మిగిలేవి నాలుగైదు గంటల దూరంలో ఉన్న దేశాలు. మన వేసవి సెలవుల్లో దుబాయ్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పిల్లలతో బయట తిరగడం కష్టం. సింగపూర్‌లో హోటల్ గది అద్దె దగ్గర చర్చ ఆగిపోతుంది. మాల్దీవులు కొత్త జంటలకు బాగానే ఉంటాయి. పదేళ్ల పిల్లాడికి రెండో రోజు సాయంత్రానికే 'ఇక్కడ ఇంకేముంది?' అని విసుగు పుడుతుంది.

శ్రీలంక సంగతి కాస్త ఆగి చూడాలి. దూరం, తిండి, రామాయణం అన్నీ కలిసొచ్చే దేశం అది. మరి వెనకబడటానికి కారణం? కొలంబో నుంచి నువారా ఎలియాకు 170 కిలోమీటర్ల లోపే, కానీ కొండ దారి కావడంతో ఐదు గంటల దాకా పడుతుంది. అక్కడి నుంచి మళ్లీ ఎల్లా అనే ఊరు, మళ్లీ సముద్రతీరం. నాలుగు రోజుల టూర్‌లో సగం వ్యాన్‌లోనే అయిపోతుంది. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయం నుంచి సముద్రతీర పట్నం పటాయాకు హైవే మీద రెండు గంటల లోపే. వారం రోజులున్నవాళ్లకు శ్రీలంక మంచి దేశం, నాలుగు రోజులున్నవాళ్లకు కాదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ ఉన్న పడమటి తీరంలో మే నుంచి అక్టోబర్ దాకా వానలు. తూర్పున కో సముయ్ దీవి వైపు గట్టి వానలు అక్టోబర్, డిసెంబర్ మధ్య. రెండు తీరాలకూ వానాకాలం వేర్వేరు కావడంతో ఏ నెలలో వెళ్లినా ఏదో ఒక పక్క సముద్రం చూడటానికి వీలవుతుంది. సంక్రాంతి, వేసవి, దసరా, క్రిస్మస్ అన్నింటికీ అమ్ముకోగల సరుకు అన్నమాట.

వీసాలో బరువైనది ఫీజు కాదు, టెన్షన్

థాయ్‌లాండ్ 2023 నవంబర్ 10 నుంచి భారతీయులకు వీసా లేకుండా 30 రోజులు ఉండే వీలు ఇచ్చింది. 2024 జూలై 15 నుంచి 93 దేశాల జాబితాలో మనల్నీ చేర్చి దాన్ని 60 రోజులు చేసింది. అంతకుముందు మామూలు రోజుల్లో విమానాశ్రయంలో దిగాక వీసా తీసుకోవాలంటే మనిషికి 2,000 బాత్. నలుగురికి 8,000 బాత్ అంటే అప్పటి రేటులో 19 వేల రూపాయల దాకా. తెల్లవారుజామున నిద్ర కళ్లతో, ఫొటోలూ ఫారాలూ పట్టుకుని క్యూలో గంటసేపు నిలబడటం అదనం.

ఆ 19 వేలు మిగలడం ఒక్కటే అసలు కారణమైతే కథ సులువుగా ముగిసేది. కొన్నది కొన్న వెంటనే ఖాయమైపోవడం అంతకన్నా పెద్ద సౌకర్యం. వీసా కావాల్సిన దేశానికి ముందు టికెట్ కొనాలి, హోటల్ బుక్ చేయాలి, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీయాలి, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడాలి. అన్నీ అయ్యాక కాదంటే ఏం చేయాలో తెలియదు. వీసా అక్కర్లేని దేశానికి టికెట్ ధర తగ్గిన రాత్రే కొనేసి, మర్నాడు ఆఫీసులో లీవు అడగొచ్చు. కుటుంబ ప్రయాణాల్లో ఇలా హఠాత్తుగా ఖాయమయ్యేవి చాలానే ఉంటాయి.

తెలుగువాళ్లకు ఇందులో సొంత చిక్కు ఒకటుంది: ఇంటిపేరు. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, పేరూ ఇంటిపేరూ కలిపి ఒకే వరుసలో ఉంటాయి. మరికొందరికి మూడు పదాల పేరులో ఏది ఎక్కడ రాయాలో తెలియక పాస్‌పోర్టులో ఒకలా, టికెట్‌లో ఒకలా పడుతుంది. యూఏఈ 2022 నవంబర్‌లో పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని చెప్పినప్పుడు ఈ గడి విలువ చాలామందికి తెలిసొచ్చింది. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది, ఒకసారి ప్రవేశానికి ఫీజు 25 డాలర్లే. దాని ఫారం మాత్రం ఎవరికి వారే నింపుకోవాలి. పేరులో ఒక అక్షరం అటూఇటూ అయితే కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాస్ ఇవ్వకపోవచ్చు. ఫారమే లేకపోతే తప్పు రాసే అవకాశమూ తగ్గుతుంది.

అయితే 'వీసా ఫ్రీ' అంటే అడిగేవాళ్లే ఉండరని కాదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో ఖర్చులకు డబ్బు చూపమని ఇమిగ్రేషన్ అధికారి అడగవచ్చు. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. చేరడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపుకోవచ్చు. ఈ ఉచిత ఫారానికి డబ్బు గుంజే దొంగ సైట్లు వెంటనే పుట్టుకొచ్చాయి.

రాత్రి బండి లాంటి విమానం

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు సుమారు మూడున్నర గంటలు. ఢిల్లీకి రెండుంబావు. ఇంకో గంటంబావు ఓపిక పడితే విదేశం.

ఈ రూట్లో చాలా విమానాలు అర్ధరాత్రి అటూఇటుగా బయలుదేరతాయి. పగలంతా తమ దేశంలో తిరిగిన విమానాన్ని రాత్రి ఖాళీగా నిలబెట్టకుండా ఇటు ఒక ట్రిప్పు తిప్పుకోవడం విమాన సంస్థలకు లాభం. మన ఉద్యోగికీ అదే లాభం. శుక్రవారం ఆఫీసు చూసుకుని, ఇంటికొచ్చి అన్నం తిని, శంషాబాద్ వెళ్లొచ్చు. థాయ్ సమయం మనకన్నా గంటన్నర ముందు కాబట్టి దిగేసరికి అక్కడ తెల్లారుతుంది. హోటల్ చెక్-ఇన్ మధ్యాహ్నం రెండింటికి గనక, ప్యాకేజీ బస్సు నేరుగా పటాయా దారి పడుతుంది. ముఖాలు కడుక్కోవడం, టిఫిన్, మొదటి ఫొటో అన్నీ మధ్యలోనే. విజయవాడ నుంచి తిరుపతికి రాత్రి రైలెక్కి తెల్లారి దర్శనానికి వెళ్లే పద్ధతికి, దీనికి పెద్ద తేడా లేదు. ఒక రాత్రి గది అద్దె మిగిలింది, ఒక పగలు కలిసొచ్చింది.

విమానాలు పెరిగితే టికెట్ ధర తగ్గుతుంది, ధర తగ్గితే జనం పెరుగుతారు, జనాన్ని చూసి ఇంకో సంస్థ వస్తుంది. విశాఖ నుంచి బ్యాంకాక్‌కు 2024 ఏప్రిల్‌లో నేరు విమానం మొదలైంది. హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కు 2025 జనవరి ఆఖర్లో మొదలైంది. చౌక టికెట్లో మెలిక సామాను దగ్గర ఉంటుంది. చేతి సంచికి ఏడు కిలోలు, అంతకు మించితే వేరే డబ్బు. ఊరగాయ సీసా చేతి సంచిలో వెళ్లదు. కాబట్టి ఆవకాయ కోసమైనా ఒక చెక్-ఇన్ బ్యాగు కొనక తప్పదు. టికెట్ ధరలు పోల్చేటప్పుడు చాలామంది మర్చిపోయే ఖర్చు ఇదే.

రూపాయికి మూడొందల డాంగ్: లెక్క ఎక్కడ తప్పుతుంది

'అక్కడ మన రూపాయికి విలువెక్కువ' అన్న మాట వియత్నాం గురించి తరచూ వినిపిస్తుంది. ఒక రూపాయికి సుమారు 300 డాంగ్ వస్తుంది, నిజమే. కానీ అక్కడ ఒక గిన్నెడు ఫో నూడుల్స్ సూప్ 60 వేల డాంగ్ అంటే మన 200 రూపాయలు. బ్యాంకాక్ వీధి బండి దగ్గర 70, 80 బాత్‌లకు దొరికే భోజనం కూడా ఇంచుమించు అంతే. నోటు మీద సున్నాలు ఎన్ని ఉన్నాయన్నదానికి, ఆ దేశం మనకు చౌకా కాదా అన్నదానికి సంబంధం లేదు. రూపాయికి ఒకటిన్నర యెన్‌ల పైనే వస్తుంది, అంతమాత్రాన జపాన్ ఎవరికీ చౌక కాలేదు. చూడాల్సింది గది, భోజనం, టాక్సీ కలిపి రోజుకు ఎంత అవుతుందన్నది.

ఆ లెక్కన చూసినా థాయ్‌లాండ్ మునుపటంత చౌకగా లేదు. పదేళ్ల కిందట రెండు రూపాయల లోపున్న బాత్ ఇప్పుడు రెండున్నర దాటింది. అంటే 1,000 బాత్‌ల టికెట్ అక్కడ పెరగకపోయినా, మన జేబులోంచి ఆరు వందలకు పైగా ఎక్కువ పోతోంది. అయినా జనం తగ్గకపోవడానికి ఒక కారణం పోలిక. సీజన్‌లో గోవాలోనో అండమాన్‌లోనో గది అద్దె, విమాన టికెట్ చూసినవాళ్లకు పటాయా ప్యాకేజీ ఎక్కువ అనిపించడం లేదు. పోటీ రెండు దేశాల మధ్యే ఉందనుకుంటాం గానీ, సగం పోటీ మన ఊళ్లతోనే.

విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే అక్కడికక్కడ పట్టుకునే పన్ను, వసూలు చేస్తారు. రేటు, పరిమితి బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతూ వస్తున్నాయి. ఇది ఖర్చు కాదు, ముందుగా కట్టిన పన్ను. రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. రిటర్న్ వేయని నాన్నగారి పాన్ మీద ప్యాకేజీ కొంటే మాత్రం ఆ డబ్బు తిరిగి రావడం తలనొప్పే.

థాయ్‌లాండ్‌కు మనమెందుకు కావాల్సి వచ్చాం

ఇప్పటిదాకా చెప్పినదంతా మనవైపు కథ. అటువైపు కథ లేకపోతే ఇది సగమే.

2019లో థాయ్‌లాండ్‌కు దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వచ్చారు, అందులో చైనీయులే కోటీ 10 లక్షలు. కోవిడ్ తర్వాత అందరూ తిరిగొచ్చారు గానీ చైనీయులు రాలేదు. 2023లో వచ్చింది 35 లక్షలే. 2025 జనవరిలో ఒక చైనా నటుణ్ని థాయ్‌లాండ్ నుంచి మయన్మార్ సరిహద్దు దాటించి ఎత్తుకుపోయిన ఘటన వాళ్లలో భయాన్ని ఇంకా పెంచింది. హోటల్ గది కూరగాయల్లాంటిది. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్ముకోలేరు. మిలియన్ల మంది కోసం కట్టిన గదులు, పడవలు, బస్సులు, గైడ్లు ఎదురుచూస్తుంటే, మూడున్నర గంటల దూరంలో 140 కోట్ల జనాభా ఉన్న దేశం కనిపించింది. వీసా ఎత్తివేత వెనక ఉన్న అసలు లెక్క ఇది.

ఇలా కష్టకాలంలో పర్యాటకాన్ని పట్టుకోవడం థాయ్‌లాండ్‌కు కొత్త కాదు. 1960లోనే పర్యాటకానికి ప్రత్యేక సంస్థ పెట్టుకున్న దేశం అది. వియత్నాం యుద్ధకాలంలో, 1967 ఒప్పందం కింద, అమెరికా సైనికులు సెలవుకు అక్కడికి వచ్చేవారు. జాలర్ల పల్లెగా ఉన్న పటాయా పట్నమైంది ఆ రోజుల్లోనే. 1997లో బాత్ కుప్పకూలి ఆసియా అంతా సంక్షోభంలో పడితే, ఆ మరుసటి ఏడాదే 'అమేజింగ్ థాయ్‌లాండ్' ప్రచారం మొదలుపెట్టారు. మారకం పడిపోయిన దేశం విదేశీయుడికి చౌక అవుతుందన్న ఇంగితాన్ని వాళ్లు వెంటనే వాడుకున్నారు.

డీలర్ల బస్సు నుంచి కుటుంబాల దాకా

తెలుగు జిల్లాలకు బ్యాంకాక్‌ను మొదట పరిచయం చేసినవాటిలో డీలర్ల టూర్లు ముఖ్యం. సిమెంటు, విత్తనాలు, పురుగుమందులు, టైర్లు అమ్మే కంపెనీలు టార్గెట్ కొట్టిన డీలర్లను విదేశానికి తీసుకెళ్లడం పాత అలవాటు. నలభై మందిని తక్కువ ఖర్చులో తిప్పి తీసుకురావడానికి వీలైన ఊరు పటాయా. 'బ్యాంకాక్ వెళ్లొచ్చాడు' అంటే ఒకప్పుడు వినేవాళ్లు ముసిముసిగా నవ్వేవారు. ఆ నవ్వుకు కారణం అక్కడి రాత్రి వీధులే, అందులో దాపరికం లేదు.

ఆ టూర్ల వల్ల రెండు జరిగాయి. ఒకటి, మండల కేంద్రంలో ఎరువుల కొట్టు నడిపే మనిషికి కూడా పాస్‌పోర్టు వచ్చింది, విమానం భయం పోయింది. రెండు, మన జిల్లా పట్టణాల్లోని ట్రావెల్ ఏజెంట్లకు, అక్కడ బస్సులూ గదులూ చూసే ఏర్పాటుదారులకు మధ్య గట్టి సంబంధం కుదిరింది. వెళ్లొచ్చిన డీలరే తర్వాత భార్యాపిల్లలను తీసుకెళ్లాడు. కార్యక్రమం మారింది: పగలు కోరల్ ఐలాండ్‌కు స్పీడ్ బోటు, సఫారీ వరల్డ్ జంతువుల పార్కు, చావ్ ప్రయా నది మీద భోజనంతో పడవ షికారు. చాలా ప్యాకేజీల్లో మధ్యలో ఒక రత్నాల దుకాణం దగ్గర బస్సు తప్పకుండా ఆగుతుంది. అక్కడ కొన్నదాని మీద వచ్చే కమీషనే ప్యాకేజీ ధరను కిందికి తెస్తుంది. చౌక ప్యాకేజీలో 'షాపింగ్ స్టాప్' అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెడితే, ఆ చౌకదనం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

తిండి దగ్గర

తిండి భయం పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబాలను ఆపే అసలు అడ్డంకి. థాయ్ వంటలో చేపల సాస్ దాదాపు అన్నిట్లోనూ పడుతుంది, 'వెజ్' అని చెప్పినంత మాత్రాన సరిపోదు. పసుపు రంగు జెండా మీద ఎర్రటి అక్షరాలతో 'జే' అని రాసి ఉన్న చోట చేపా మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అది తెలిసిన తెలుగు కుటుంబాలు తక్కువే. ఎక్కువమందిని కాపాడేది పటాయాలోనూ, బ్యాంకాక్ ప్రతూనామ్‌లోనూ, ఫుకెట్ పతాంగ్‌లోనూ వరుసగా ఉన్న ఇండియన్ రెస్టారెంట్లు. జనం వచ్చారు కాబట్టి అవి వచ్చాయి. అవి ఉన్నాయి కాబట్టి ఇప్పుడు అత్తమామలూ వస్తున్నారు.

సంస్కృతి బంధం గురించి కరపత్రాలు చాలా చెబుతాయి. రాజులకు రాముడి పేరు, అయోధ్య పేరు మీద అయుత్థయ, సువర్ణభూమి విమానాశ్రయంలో దేవదానవులు పామును పట్టుకుని లాగుతున్న క్షీరసాగర మథనం బొమ్మ. చూసినప్పుడు ముచ్చటేస్తుంది. అయితే ఆ బొమ్మ కోసం టికెట్ కొన్నవాళ్లు అరుదు. అది ఉన్నది కూడా ఎక్కువమంది తిరుగు ప్రయాణంలో చూసే డిపార్చర్స్ వైపే.

ఒక్క వారంలో తలకిందులయ్యే దేశాలు

ఈ లెక్కలన్నీ కుదిరినా రాజకీయం అడ్డం పడవచ్చు. మాల్దీవులకు 2023లో అన్ని దేశాలకన్నా ఎక్కువగా, 2 లక్షలకు పైగా, వెళ్లింది భారతీయులే. 2024 జనవరిలో అక్కడి ఉపమంత్రులు మన ప్రధాని మీద చేసిన వ్యాఖ్యలతో గొడవ రేగి, ఆ ఏడాది సంఖ్య లక్షా 30 వేలకు పడిపోయింది. ఈ-వీసా, నేరు విమానాలతో ఎదుగుతున్న అజర్‌బైజాన్‌కు 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్తాన్‌ను సమర్థించినందుకు, తుర్కియేతో పాటు అదే గతి పట్టింది. పెద్ద బుకింగ్ సంస్థలే కొత్త బుకింగులను వద్దన్నాయి. విహారయాత్రను మార్చుకోవడం తేలిక, దానికి బదులు ఇంకో దేశం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అలాంటి సందర్భాల్లో మనతో పేచీ లేని థాయ్‌లాండ్‌కు పని చేయకుండానే లాభం వస్తుంది.

ఇక ముందు

థాయ్‌లాండ్ ముందున్న చిక్కులు మూడు. బాత్ బలపడుతోంది. ప్రతి విదేశీయుడి నుంచి 300 బాత్‌ల రుసుము వసూలు చేయాలన్న ఆలోచన ఏళ్లుగా వాయిదాలు పడుతూనే ఉంది. అరవై రోజుల వీసా మినహాయింపును కొందరు అక్రమ వ్యాపారాలకు వాడుకుంటున్నారని, దాన్ని తగ్గించాలన్న చర్చ 2025లో అక్కడి ప్రభుత్వంలోనే మొదలైంది. నాలుగు రోజుల కోసం వెళ్లేవారికి 60 అయినా 30 అయినా ఒకటే. ఫీజు మళ్లీ మొదలైతే మాత్రం నలుగురున్న కుటుంబానికి లెక్క మారుతుంది.

వియత్నాంకు 2019లో వెళ్లిన భారతీయులు లక్షా 70 వేల లోపే. ఐదేళ్లలో అది మూడింతలైంది. 2025లో హైదరాబాద్ నుంచి నేరు విమానాలూ వచ్చాయి. దా నాంగ్ దగ్గర రాతివిలా కనిపించే రెండు చేతులు మోస్తున్నట్టుండే బంగారు వంతెన 2018లో తెరిచారు. తెలుగువాళ్ల వాట్సాప్ స్టేటస్‌లలో ఇప్పుడు అదే ఎక్కువ. థాయ్‌లాండ్ రెండుసార్లు చూసొచ్చిన కుటుంబాలు ఏజెంట్ ముందు కూర్చుని 'ఈసారి ఇంకోటేదైనా చెప్పండి' అంటున్నాయి. ఏజెంటు మాత్రం ఏ దేశం పేరూ ఎత్తకముందే క్యాలెండర్ తిప్పుతూ పాత ప్రశ్నే వేస్తాడు: "లీవు ఎన్ని రోజులు దొరుకుతుంది సార్?"